ఆరు మైక్రాన్లు

సెప్టెంబరు 7, ఆదివారం

డాక్టరు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను, సరదా పుట్టి కాదు. బీపీ నూట అరవై బై వంద. "గుస్సాని నోటినుంచి కాదు మేడమ్, పెన్నునుంచి బయటికి పంపండి" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఇంకో పది పెరిగే ఉంటుంది.

టూల్స్ అమ్మే కంపెనీవాళ్ళు జనవరిలో పంచిన డైరీ ఇది. బీరువాలో ఊరికే పడి ఉంది. తాళం కూడా అక్కర్లేదు, ఇంట్లో దీన్ని చదివేవాళ్ళు లేరు. మా అమ్మ అప్పయమ్మకు అక్షరం రాదు. నా కూతురు సుచిత్ర భిలాయిలోనే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, అదీ సగం హిందీలో. గుండ్రటి అక్షరాలు చదవమంటే "మమ్మీ, యే జలేబీ ముఝ్‌సే నహీ హోతీ" అంటుంది. ఈయన రైల్వేలో, బిలాస్‌పూర్‌లో. ఆదివారం వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఇప్పుడూ అదే పని మీద ఉన్నాడు.

మొదటి కోపం సుచిత్ర మీదే. పొద్దున ఫోన్లో ఎవరితోనో అంటోంది, "మమ్మీ ఫ్యాక్టరీ మే రింగ్స్ చెక్ కర్తీ హై" అని. రింగులట. ఫిరంగి గొట్టం పైకి లేవాలంటే ఒక పిన్ను తిరగాలి. ఆ పిన్ను తిరిగేది మా బుష్‌లో, పొట్టి ఉక్కు గొట్టంలో. దాని రంధ్రం ఇరవై అయిదు మిల్లీమీటర్లు. పెద్దదయితే మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా ఓర్చుకుంటారు, వెంట్రుక మందం కూడా కాదు. చిన్నదయితే అసలు ఒప్పుకోరు, పిన్ను పట్టేస్తుంది. మంచుకొండ మీద గన్ను పట్టేస్తే దాని పక్కనున్న కుర్రాళ్ళు ఏం చేస్తారు? పంతొమ్మిదేళ్ళుగా నేను చూస్తున్నది అది. ఒప్పుకున్న ప్రతి బుష్ మీదా నా ముద్ర పడుతుంది, ఏడో నంబరు. రింగులట.


సెప్టెంబరు 16

రేపు విశ్వకర్మ పూజ. ఫ్యాక్టరీ నిండా బంతిపూలు. మెషిన్లకు దండలు, ఫోర్క్‌లిఫ్టుకు దండ, ఆఖరికి మంచినీళ్ళ కూలరుకు కూడా దండ. మా క్వాలిటీ రూముకు మాత్రం ఒక్క పువ్వు రాదు. యజమాని రమాకాంత్ జీ దృష్టిలో మేము మాల్ ఆపేవాళ్ళం, చేసేవాళ్ళం కాదు.

నాన్న స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో పూజనాడు తన సొంత మైక్రోమీటరు, సన్నని కొలతలు తీసే పనిముట్టు, దేవుడి ముందు పెట్టి మర్నాటి దాకా ముట్టుకునేవాడు కాదు. రేపు నేను నా గేజీ పెడతాను. చేతిలో ఇమిడే ఉక్కు కడ్డీ. ఒక చివర బుష్‌లోకి దిగాలి, రెండో చివర దిగకూడదు. అబద్ధం చెప్పని వస్తువు ఆ ఫ్యాక్టరీలో అదొక్కటే. దానికి లేని పూజ కూలరుకా? ఎవడు కాదంటాడో చూస్తాను.


సెప్టెంబరు 17

ఎవరూ కాదనలేదు, ఒక్క సత్యారావు చిన్నాన్న తప్ప. నాన్నతో కలిసి ప్లాంటు మెషిన్ షాపులో పనిచేసిన మనిషి. రిటైరయ్యాక మా దగ్గర హోనింగ్ మెషిన్ మీద చేరాడు. బుష్ రంధ్రంలో రాయి తిప్పి, కొంచెం కొంచెంగా అరగదీసి సైజుకు తెచ్చే పని. అరవై నాలుగేళ్ళు. నేను ఈ ఉద్యోగంలో చేరకముందే నాకు మైక్రోమీటరు పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"దానికి నూనె రాసి ఎట్టు పాపా. కొబ్బరి నీళ్ళు పడితే ఉక్కు ఓర్చుకోదు" అన్నాడు.

"దేవుడి కాడ నూనె కారతా ఉంటే ఏటి బాగుంతాది చిన్నాన్నా" అన్నాను.

రాగి పళ్ళెం, పసుపు గుడ్డ, దాని మీద గేజీ. దిగే చివరకు నిండా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. పంతులు కొబ్బరికాయ కొట్టి నీళ్ళన్నీ దాని మీదే చిమ్మాడు. రేపు పొద్దున దాకా ముట్టుకోకూడదు. చూడముచ్చటగా ఉంది. నాన్న ఉంటే బాగుండేది.


సెప్టెంబరు 18

గేజీ మీద బొట్టు పెట్టినచోట గోధుమరంగు మరక. గుడ్డకు పోలేదు, కిరసనాయిలుకూ పోలేదు. లేత్‌కు బిగించి తిప్పి జీరో నంబరు ఎమరీ గరుకు కాగితం పట్టాను, మూడు నాలుగు నిమిషాలు. అద్దంలా వచ్చింది.

కోపం దాని గురించి కాదు. ఫిరంగులు చేసే కస్టమరు ఆఫీసు నుంచి మేము పంపిన పదహారు పేజీల రిపోర్టు తిరిగొచ్చింది. తప్పేమిటయ్యా అంటే, తొమ్మిదో పేజీలో సంతకం నల్ల సిరాతో ఉందట, నీలం సిరాతో ఉండాలట. పదహారు పేజీలూ మళ్ళీ ప్రింటు తీసి, మళ్ళీ సంతకాలు పెట్టి, మళ్ళీ స్కాన్ చేసి పంపాను. ఏసీ గదిలో కూర్చుని సిరా రంగులు చూసుకునే సన్నాసులు వీళ్ళు. బుష్ చేతిలో పెడితే పైదేదో కిందిదేదో చెప్పలేరు. వీళ్ళా నాకు క్వాలిటీ నేర్పేది? మధ్యాహ్నం తలనొప్పి. బీపీ చూసుకోలేదు.


సెప్టెంబరు 24

గేజీ లూజుగా ఉందట. సత్యారావు చిన్నాన్న ఉవాచ. స్టిక్కరు చూపించాను. ఆగస్టులో ల్యాబులో కొలత సరిచూసి క్యాలిబ్రేట్ చేశారు, వచ్చే ఆగస్టు దాకా చెల్లుతుంది. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వయసు.


అక్టోబరు 9

ఇవాళ అరిచేశాను. రోజుకు యాభై రావలసిన బుష్‌లు ముప్పయ్యే వస్తున్నాయి. ఎందుకా అని వెళ్ళి చూస్తే, గేజీ దిగిన బుష్‌ని మళ్ళీ మెషిన్‌కు పెట్టి తిప్పుతున్నాడు.

"ఏటి చిన్నాన్నా, గేజీ దిగిపోయాక ఇంకా ఏటి అరగదీస్తన్నావు?"

"గేజీ దిగిపోతంది పాపా, సైజు రాలేదు. ఇంకో రెండు తిప్పులు తిరగాల. నా సెయ్యికి తెలస్తాది గదా. మొన్న కూడా చెప్పేను నీకు."

"నీ సెయ్యికి సర్టిఫికెట్ ఉందా? దీనికుంది" అని గేజీ పెట్టె ఆయన ముందు పెట్టాను. చుట్టూ అందరూ నిలబడి చూస్తున్నారు. "గేజీ దిగిందా, ఆపు. నీ సొంత కవిత్వం వద్దు."

ఆయన మెషిన్ ఆపేసి చేతులు తుడుచుకున్నాడు. నేను చేసింది తప్పా? రూలు రూలే. చెయ్యి చెప్పిందని ఫిరంగి బుష్‌లు చేస్తామా?


అక్టోబరు 10

యాభై రెండు వచ్చాయి. చూశారా.


నవంబరు 11

కస్టమరు ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు నలభై ఆరు బుష్‌లలో పిన్ను దిగలేదు. నలభై ఆరు. ఉత్తరం రమాకాంత్ జీ నా టేబుల్ మీద పడేసి, "ఇంద్రాణీ జీ, యే ఆప్‌కా సాత్ నంబర్ హై నా?" అన్నాడు. నలభై ఆరింటి మీదా నా ముద్రే. పంతొమ్మిదేళ్ళలో ఒక్కటి తిరిగి రాలేదు.

పదిహేను రోజుల్లో కారణం రాసి పంపాలి. కారణం, బాధ్యుడు, తీసుకున్న చర్య.

గేజీ దిగిన బుష్‌లో పిన్ను ఎందుకు దిగదు? దిగి తీరాలి. నేను ప్రతిదీ నా చేత్తో చూశాను. ఎవడో ఏదో చేశాడు. వాణ్ణి వదలను.


నవంబరు 13

దొరికింది. వేడి.

హోనింగ్ మెషిన్ మీంచి తీసిన బుష్ వేడిగా ఉంటుంది. వేడికి రంధ్రం పెద్దదవుతుంది, గేజీ దిగుతుంది. చల్లారాక మూసుకుపోతుంది. అందుకే అరగంట చల్లారనిచ్చి తేవాలని గోడ మీద రాసి ఉంది. అక్టోబరు తొమ్మిదో తారీకు అరిచాక చిన్నాన్న కోపంతో, లేదా తొందరలో, చల్లారకుండానే తెచ్చేసి ఉంటాడు. ఇంకేమిటి మరి? అంతా సరిపోయింది.

"ఉక్కుకీ జొరం ఉంతాది పాపా, తగ్గనియ్యి" అని ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. నేర్పినవాడే తప్పు చేస్తే ఇంకా తప్పు కాదూ? నాన్న పేరు చెప్పుకుని చేరిన మనిషి నా ముద్రకు ఇంత మచ్చ తెస్తాడా?


నవంబరు 17

కస్టమరు తరఫున పార్థసారథిగారని ఒకాయన వచ్చాడు. హైదరాబాదు మనిషి, మన భాషే. నెమ్మదిగా మాట్లాడతాడు, ప్రతిదీ రాసుకుంటాడు. నీలం సిరా.

చిన్నాన్నను పిలిచి అడిగాడు, "బుష్‌లు చల్లారనిచ్చే ఇస్తారా?"

"ఇస్తానండి."

"ఎప్పుడైనా తొందరలో ఇవ్వకుండా?"

చిన్నాన్న నావైపు చూశాడు. "ఏమో బాబూ, ఎప్పుడేనా జరిగుంతాది" అన్నాడు.

ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకున్నట్టే.

తర్వాత పార్థసారథిగారు నన్ను అడిగాడు, "ఆగస్టు తర్వాత గేజీకి ఏదైనా రిపేరు, పాలిషు, కింద పడడం, అలాంటివి?" గేజీ హిస్టరీ కార్డు చూపించాను. ఆగస్టు తర్వాత ఒక్క అక్షరం లేదు. లేదు కాబట్టి లేదు అన్నాను. "అయినా ఒకసారి కొలిచి నెలలోపు రిపోర్టు పంపండి" అన్నాడు. పంపుతానన్నాను. ఆయనకిదొక పని.


నవంబరు 19

రిపోర్టు వెళ్ళింది. కారణం: ఆపరేటరు నిర్లక్ష్యం. చర్య: ఆపరేటరును రక్షణ పనుల నుంచి శాశ్వతంగా తొలగించడం. అలా తొలగించినవాళ్ళ జాబితాలో పేరెక్కితే ఈ ఇండస్ట్రియల్ ఏరియాలో మిలిటరీ పని చేసే ఏ ఫ్యాక్టరీ గేటూ ఆయనకు తెరుచుకోదు. అలా రాయమన్నది రమాకాంత్ జీ. రాసింది నేను.

గేటు దగ్గర పాసు తీసేసుకుంటుంటే నేను క్వాలిటీ రూములోనే ఉన్నాను. పని ఉంది.


నవంబరు 21

గేజీ కొలవాలి. టైము లేదు.


నవంబరు 24

గేజీ ఇవాళా కుదరలేదు. అయినా స్టిక్కరుంది కదా.


నవంబరు 27

గేజీ.


నవంబరు 30, ఆదివారం

మధ్యాహ్నం సెక్టర్ 6 నుంచి వైశాలి నగర్‌లో మా ఇంటి దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు చిన్నాన్న. అమ్మకు ఏమీ తెలియదు. "రా సత్యం, కూకో, ఇన్నాళ్ళకి గుర్తొచ్చేమా" అని ఒకటే సంబరం. టీ తాగాడు. అమ్మ మోకాళ్ళ గురించి అడిగాడు. సుచిత్ర పరీక్షల గురించి అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. తిట్టడానికి వస్తే తిట్టాలి, బతిమాలడానికి వస్తే బతిమాలాలి. ఈ పరామర్శలేమిటి?

వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. "పాపా, ఆ గేజీని ఒక్కపాలి మైక్రోమీటర్లో ఎట్టి సూడు."

"ఉద్యోగం పోయిందని నా గేజీ మీద పడ్డావా?"

"ఉద్యోగం మాట కాదమ్మా. ఆళ్ళకి దొరికినవి నలబయ్యారే. మిగతావి ఏ గన్నులో బిగించీసేరో. అవి ఎక్కడికెల్తాయో నీకూ తెల్సు, నాకూ తెల్సు."

గేటు వేసేశాను. ఆయన ఇంకా అవతలే ఉన్నాడు, ఆయన ముఖం మీదే వేశాను.


డిసెంబరు 1

24.994

మళ్ళీ కొలిచాను. 24.994.

మైక్రోమీటరు తుడిచి, సున్నా చూసి, గేజీని గంటసేపు చల్లని రాతిబల్ల మీద పెట్టి మళ్ళీ కొలిచాను. ఇరవై అయిదుకు ఆరు మైక్రాన్లు తక్కువ. మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఆరు. గేజీయే సన్నగా ఉంది. సన్నది కాబట్టి చిన్న రంధ్రంలోకీ దిగింది. ఆయన చెప్పినట్టు.

నా గేజీని ఎవరు ముట్టుకున్నారు?


డిసెంబరు 2

స్టోర్సులో మనోజ్‌కుమార్‌ని నిలదీశాను. పెట్టె తాళం రెండోది వాడి దగ్గరే ఉంటుంది. "దీదీ, మీ గేజీ జోలికి వచ్చే ధైర్యం ఈ ఫ్యాక్టరీలో ఎవరికుంది?" అన్నాడు. అబద్ధాలకోరు. రాత్రి షిఫ్టువాళ్ళను అడిగాను. క్లీనింగ్ ఆవిణ్ణి అడిగాను. అందరివీ ఒకేలాంటి ముఖాలు. ఎవడో అరగదీశాడు, అంతే. ఉక్కు దానంతటది అరగదు.


డిసెంబరు 4

చిన్నాన్న గేజీ లూజని మొదటిసారి ఎప్పుడన్నాడో తారీకు కావాలి. అప్పటికి వారం రోజుల ముందు తాళం ఎవరి దగ్గరుందో పట్టుకుంటాను అనుకుని ఈ డైరీ వెనక్కి తిప్పాను. సెప్టెంబరు 24. అక్కణ్ణుంచి వారం వెనక్కి తిప్పాను.

నా దస్తూరీయే.

"అద్దంలా వచ్చింది."


డిసెంబరు 5

సుచిత్ర డైరీ తీసి పేజీలు తిప్పుతోంది. "ఇత్‌నా క్యా లిఖ్తీ హో మమ్మీ?" అంది. హిసాబ్ అన్నాను, ఇంటి లెక్కలని. నమ్మింది. తిరిగి ఇచ్చేసింది.

చదవగలిగినవాళ్ళు ఇంట్లో లేరు. నేనొక్కదాన్నే.


డిసెంబరు 7, ఆదివారం

సెక్టర్ 6కు వెళ్ళాను. కొడుకు క్వార్టరులో మొదటి అంతస్తులో ఉంటారు చిన్నాన్నా, ఆయన భార్య జోగమ్మ పిన్నీ. వెళ్ళేదాకా ఎలా చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. చెప్పాను. పూజ, మరక, ఎమరీ కాగితం.

"తెల్సు" అన్నాడు.

"ఏటి తెల్సు?"

"నా పక్క లేత్ మీదే గదమ్మా తిప్పేవు. సూసేను. అంతసేపు పడితే అరిగిపోద్ది అనుకున్నాను. కొలిసి రాసుకుంతావులే, నీకు తెల్దేటి అనుకున్నాను."

నాకు వచ్చింది కోపమే. "తెలిసి ఆ పార్థసారథి ముందు ఎందుకు చెప్పలేదు? ఎందుకలా నోరు మూసుకున్నావు?"

"నీతో మూడుపాల్లు చెప్పేను. ఆయనతో చెప్తే నీ ముద్ర లాక్కుంతారు. అప్పుడు మీ నాన్న మొకం గుర్తొచ్చీసింది. నువ్వే కొలిసి సూసుకుని సెప్తావనుకున్నాను."

"ఈ దయ నాకెందుకు చిన్నాన్నా? ఎవరడిగారు నిన్ను?" అని అరిచాను. వాళ్ళింట్లో కూర్చుని, వాళ్ళ టీ తాగుతూ, ఆయన మీదే అరిచాను. నేను ఇలాంటి మనిషిని.

జోగమ్మ పిన్ని వంటింట్లోంచి వచ్చింది. ఆవిడకు అప్పుడే తెలిసింది అంతా. "అయితే నువ్వా? సెక్టరంతా ఏటంటన్నారో తెల్సా నీకు? ముసలోడు మిలట్రీ మాలు పాడుసేసేడంట, గేటు కాణ్ణించే తరిమీసేరంట, అనంటన్నారు. కింద మెట్ల మీద కూకున్నోళ్ళు ఈ మనిషిని సూసి మాటలాపీస్తన్నారు. పాల బూతుకి ఎల్లడం మానీసేడు. నలబయ్యేళ్ళు సేసిన పేరు. అది తెచ్చిస్తావా నువ్వు?"

"నువ్వు లోపలికెల్లు జోగీ" అన్నాడు చిన్నాన్న.

"ఎల్లను" అంది. ఆవిడ అన్నది న్యాయం.


డిసెంబరు 8

గేజీ సంగతి చెప్పగానే రమాకాంత్ జీ తలుపు వేసి, కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించాడు. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు.

"ఇంద్రాణీ జీ, రిపోర్ట్ క్లోజ్ హో గయీ. తెరిస్తే మన రిజిస్ట్రేషనే పోవచ్చు. ఆ గేజీ పారేయండి, కొత్తది తెప్పిస్తాను. దాన్ని కొలిచి సరిగ్గా ఉందని రాసి పంపండి. ముసలాయనకు ట్రాక్టరు పార్టుల లైన్లో పని ఇద్దాం. బాత్ ఖతం."

"బిగించేసిన బుష్‌లు?"

"పిన్ను దిగింది కాబట్టే కదా బిగించారు?"

"ఇక్కడ దిగింది. చలికి పట్టేస్తే?"

"అది మీకెలా తెలుసు? నాకెలా తెలుసు?" అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు. "మీ ముద్ర గురించి ఆలోచించండి. పంతొమ్మిదేళ్ళు."

ఇక్కడ నిజం రాయాలి. ఆ మాట నాకు నచ్చింది. ఒక్క క్షణం కాదు, మధ్యాహ్నం భోజనం దాకా నచ్చింది. డబ్బాలో చపాతీలు తింటూ, కొత్త గేజీ మీద పాత నంబరు చెక్కించడం ఎంతసేపు పడుతుందా అని కూడా ఆలోచించాను. ఆ ఆలోచన వచ్చిన తలను ఏం చేయాలి?


డిసెంబరు 9

పార్థసారథిగారికి ఫోన్ చేశాను. ఫ్యాక్టరీ ఫోను కాదు, నాది. పవర్ హౌస్ బస్టాండు దగ్గర నిలబడి. ఆటోల గోలలో ఆయనకు సగం వినపడలేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం.


డిసెంబరు 12

వచ్చాడు. గేజీ కొలిచాడు. 24.994. తర్వాత అడిగాడు, "పాలిష్ ఏ రోజు చేశారో రికార్డు ఉందా? సెప్టెంబరు 18 అని మీరంటున్నారు. కార్డు మీద లేదు. తారీకు రుజువైతేనే అప్పటినుంచి వెళ్ళిన లాట్లు వెనక్కి పిలవగలను. లేకపోతే ఎక్కణ్ణుంచి పిలవాలి?"

రికార్డు ఉంది. బ్యాగులోంచి ఈ డైరీ తీసి, ఆ పేజీ తెరిచి ఇచ్చాను. ఎవరూ చదవరని రాసుకున్నది.

నెమ్మదిగా చదివాడు. మొదటి పేరా అయ్యాక ఆపుతాడనుకున్నాను, ఆపలేదు. పేజీ అంతా చదివి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏసీ గదిలో సన్నాసులు అన్నది మా ఆఫీసునేనా అమ్మా?"

"మిమ్మల్నే" అన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు.

"సిరా సంగతి నేనే పెట్టాను. స్కాన్‌లో నలుపు సంతకం ఫొటోకాపీలా కనిపిస్తుంది" అన్నాడు. పేజీ కాపీ తీయించి నా చేత సంతకం పెట్టించాడు. నా పెన్ను నలుపు. తన పెన్ను ఇచ్చాడు.

వెళ్ళేముందు ఒక కాగితం నా ముందు పెట్టాడు. పిన్ను దిగని నలభై ఆరింటి సీరియల్ నంబర్లు. "ఒకటి అర్థం కాలేదు. గేజీ సెప్టెంబరు 18 నుంచి తప్పు. కానీ అక్టోబరు 9కి ముందు చేసిన బుష్ ఒక్కటీ ఇందులో లేదు. ఎందుకంటారు?"

నాకు తెలుసు. యాభై చేయాల్సినచోట ముప్పయ్యే చేసిన రోజులవి. గేజీ దిగినా నమ్మకుండా ఇంకో రెండు తిప్పులు తిప్పిన బుష్‌లవి. ఒక సర్టిఫికెట్ లేని చెయ్యి వాటిని కాపాడింది. అక్టోబరు తొమ్మిదిన అందరిముందూ నేను ఆ చేతిని ఆపాను.

అదీ చెప్పాను. అదీ రాసుకున్నాడు.


డిసెంబరు 23

వెనక్కి పిలిచినవాటిలో ఇంకో ఇరవై మూడు దొరికాయి. రెండు అప్పటికే గన్నుకు బిగించి ఉన్నాయట, రైలెక్కక ముందు విప్పారు.

మా కంపెనీకి మూడు నెలలు కొత్త ఆర్డర్లు బంద్. రమాకాంత్ జీ నాతో మాట్లాడడు. నా ముద్ర తీసుకెళ్ళి నా ఎదురుగానే గ్రైండర్ మీద అరగదీశారు, రూలు ప్రకారం. ఏడు అనే అంకె పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడాది పాటు స్టోర్సులో కాగితాల పని. మనోజ్‌కుమార్ నా పైన. కుర్చీ తుడిచి, "బైఠియే దీదీ" అన్నాడు. వాణ్ణి అబద్ధాలకోరు అన్నాను నేను.


2026 జనవరి 4, ఆదివారం

సవరించిన రిపోర్టు ఒప్పుకున్నారు. దాంతోపాటు సత్యారావు చిన్నాన్న పేరు మీద కంపెనీ ఉత్తరం. పోస్టులో పంపుతామన్నారు. నేనే తీసుకెళ్తానన్నాను.

ఇంగ్లీషులో ఉంది. "సదువు" అన్నాడు. మంచం మీద కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. తెలుగు చేసుకుంటూ చదివాను. బుష్‌ల లోపానికి ఆపరేటరు సత్యారావు కారణం కాదని. ఇన్‌స్పెక్టరు ఇంద్రాణి గేజీని ఎమరీ కాగితంతో రుద్ది, కొలవకుండా, రాయకుండా వాడిందని. ఆపరేటరు మూడుసార్లు హెచ్చరించినా వినలేదని. తప్పు కారణం రాసి ఆయనను తొలగించిందని. ఆయన పేరు ఆ జాబితాలోంచి తీసేశారని. నా పేరు వచ్చినచోటల్లా దాటెయ్యకుండా చదివాను.

"పనికి వస్తావా చిన్నాన్నా?"

"సూద్దాం" అన్నాడు. రాడు. నాకు తెలుసు.

క్షమించానని అంటాడేమోనని చూశాను. అనలేదు. నేను కూడా అడగలేదు, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను. ఉత్తరం తీసుకుని అటూ ఇటూ తిప్పి, కంపెనీ ముద్ర మీద బొటనవేలు పెట్టి రుద్ది చూశాడు. సైజు చూసినట్టు. తర్వాత తిరిగి నాకే ఇచ్చాడు.

"జోగమ్మ వంటింట్లో ఉంది. ఇనలేదు."

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"మళ్ళీ సదువు పాపా. ఈపాలి తలుపు తీసి సదువు."

తలుపు తీశాను. మెట్ల మీద ఎండలో నలుగురైదుగురు కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఛత్తీస్‌గఢీ వాళ్ళు, బిహారీ వాళ్ళు, ఒక మలయాళీ ఆవిడ. నన్ను చూసి మాటలాపారు. వాళ్ళకు తెలుగు రాదు.

ఉత్తరం మొదటి నుంచి, గట్టిగా, హిందీలో చదివాను.